టారో పేక: పుట్టుపూర్వోత్తరాలు, స్వయంగా నేర్చుకొనేవారికి కొన్ని మాటలు

ఉగాదినాడు పచ్చడి తిన్న తరువాత పంచాంగశ్రవణం చేయడం మన తెలుగువారి ఆచారం. రాయచూరు జిల్లాకు మన పెద్దలు ఏ కాలంలో వచ్చినా, ఏ పనిమీద వచ్చినా, ఈ ఆచారాన్ని మాత్రం వెంట తెచ్చుకొన్నారు. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుతుంటే, సింధనూరు క్యాంపులోని రైతు మొదలుకొని పట్టణంలోని ఉద్యోగి వరకు చెవి ఒగ్గి వింటాడు. ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చినవాడు ఒక నవ్వు నవ్వి ఊరుకొంటాడే గాని ఆనాటి నుండి వ్యవసాయం మానుకోడు.

ఇటీవల మన యువతీయువకులలో కొందరికి ఇంకొక విద్యపై ఆసక్తి కలిగింది. దాని పేరు టారో. ఫోనులో చూసి, పేక తెప్పించుకొని, గురువు లేకుండానే నేర్చుకొంటున్నారు. పెద్దలలో కొందరు ఇది పరదేశపు క్షుద్రవిద్య అని భయపడుతున్నారు. పిల్లలలో కొందరు ఇది పిరమిడ్ల నాటిదని నమ్ముతున్నారు. రెండు మాటలలోనూ నిజం లేదు. టారో చరిత్ర చాలవరకు పేర్లతో, సంవత్సరాలతో సహా తెలిసినదే. ఆ చరిత్ర తెలిసినవాడే ఆ పేకను సరిగా చదువగలడనీ, తాను మోసపోకుండా, ఇతరులను మోసపుచ్చకుండా ఉండగలడనీ నా నమ్మకం. ఆ సంగతి మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టారో అంటే ఏమిటి?

టారో ఒక పేకకట్ట. అందులో 78 ముక్కలుంటాయి. వాటిలో 56 ముక్కలు మనం పండుగలకు ఆడుకొనే పేకకు దగ్గరి చుట్టాలు. మన పేకలో నాలుగు రంగులు, రంగుకు 13 చొప్పున 52 ముక్కలు. టారోలోనూ నాలుగు రంగులే. కాని రాజు, రాణి, సేవకుడు గాక గుఱ్ఱమెక్కిన రౌతు ఒకడు అదనంగా ఉన్నాడు. అందుచేత రంగుకు 14 చొప్పున 56 అయినవి. మన ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరులకు బదులు అక్కడ కత్తులు, గిన్నెలు, నాణేలు, కఱ్ఱలు ఉంటాయి.

మిగిలిన 22 బొమ్మముక్కలు. పిచ్చివాడు, గారడీవాడు, సన్యాసి, అదృష్టచక్రం, న్యాయం, బలం, తలక్రిందులుగా వ్రేలాడే మనిషి, మృత్యువు, పిడుగుపడిన గోపురం, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, లోకం మొదలైనవి వీటిలో ఉన్నాయి. అడిగేవాడు ప్రశ్నను మనసులో ఉంచుకొని పేక కలిపి కొన్ని ముక్కలు తీస్తాడు. చదివేవాడు ఆ బొమ్మలను ఒకదానితో ఒకటి కూర్చి సమాధానం చెబుతాడు. స్థూలంగా విద్య ఇంతే.

మన అంతర్వేదిలో శకునాలు

వారం చూసి, బొమ్మ చూసి రాబోయేది తెలిసికోవాలనే ప్రయత్నం కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన అంతర్వేదికి కొత్త కాదు. ఈ ఊరి పేరును చరిత్రలో నిలిపిన యుద్ధంలోనే అటువంటి సంగతి ఒకటి ఉన్నది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటకోసం ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఎదుర్కొన్నాడు. ఆ యుద్ధాన్ని నూనిజ్ అనే పోర్చుగీసు గుఱ్ఱాల వర్తకుడు వివరంగా వ్రాసిపెట్టాడు. సీవెల్ దొర 1900లో దానిని ఇంగ్లీషులో ప్రచురించాడు. శత్రువు ఏటి ఇవతలికి దాటి వచ్చాడని తెలియగానే రాయలు పోరుకు సిద్ధపడ్డాడట. అది శుక్రవారం, మంచిది కాదు, శనివారం శుభప్రదం, అంతవరకు ఆగుమని మంత్రాలోచనలోని వారు కోరారట. రాయలు ఆగాడు. శనివారం తెల్లవారుతుండగా యుద్ధం మొదలైనది. 1520 మే 19 ఆ రోజని సీవెల్ లెక్కగట్టాడు.

ఆ శుభదినాన మొదట జరిగినదేమిటి? ఆదిల్‌షా ఫిరంగులు ఒక్కసారిగా ప్రేలేసరికి విజయనగరపు ముందు దళం చెదిరి వెనుదిరిగింది. అప్పుడు రాయలు తన వ్రేలి ఉంగరం తీసి ఒక సేవకుడి చేతికిచ్చి, తన మరణానికి గుర్తుగా రాణులకు చూపుమని చెప్పి, గుఱ్ఱమెక్కి మిగిలిన సేనతో ముందుకు ఉరికాడని నూనిజ్ వ్రాశాడు. యుద్ధం తిరిగినది అక్కడ. ఆ శనివారం రెండు సేనలకూ ఒకేసారి తెల్లవారింది. రాయలు పెద్దలు చెప్పిన ముహూర్తాన్ని మన్నించాడు, కాని దానిమీద భారం వేసి కూర్చోలేదు. ఈ ముక్క ముందు ముందు మనకు పనికివస్తుంది.

1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత ఈ ప్రాంతం బీజాపూరు సుల్తానుల వశమైనది. అప్పటి సుల్తాను మొదటి అలీ ఆదిల్‌షాకు జ్యోతిషంపై మక్కువ ఎక్కువ. 1570 నాటి ‘నుజూమ్-ఉల్-ఉలూమ్’ అనే బృహత్తర పారశీక గ్రంథం ఆయన పేర ఉన్నది. గ్రహాలు, రాశులు, యంత్రాలు, దేవతల రూపాలు, ఆయుధాలు వందలాది రంగుబొమ్మలతో అందులో ఉన్నవి. ఇస్లాము దేశాల శాస్త్రమూ, మన దేశపు శాస్త్రమూ అందులో కలిసి కనబడతాయి. ఆ ప్రతి నేడు ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉన్నది.

తూర్పున గోలకొండలో ఇంకొక వింత పుస్తకం తయారైనది. దానిని ‘ఫాల్‌నామా’ అంటారు. ఫాల్ అంటే శకునం. ఒక పుటలో పెద్ద బొమ్మ, ఎదుటి పుటలో దాని ఫలితం. అడిగేవాడు పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరుస్తాడు. వచ్చిన బొమ్మే సమాధానం. పర్షియాలో షా తహ్‌మాస్ప్ ఆస్థానంలో ఇటువంటిది అంతకుముందే ఉండేది. గోలకొండ ప్రతి సుమారు 1610, 1630 సంవత్సరాల మధ్యదని పండితులు నిర్ణయించారు. బొమ్మను యాదృచ్ఛికంగా తీసి, దానికి వ్రాసిపెట్టిన అర్థాన్ని తన ప్రశ్నకు అన్వయించుకొనడం టారో పద్ధతికి ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. ఆ రోజులలో ఐరోపాలో టారో పేక ఉన్నా దానితో జనం ఆట మాత్రమే ఆడుకొంటున్నారు.

సుల్తానులకు రంగుల పుస్తకాలుంటే సామాన్యులకు ఎరుకలసాని సోది, చిలక జోస్యం ఉండేవి. సోదిని మన కన్నడ సోదరులు కణి అంటారు, చిలక జోస్యాన్ని గిణిశాస్త్ర అంటారు. జాతరలలో, బస్సు స్టాండుల దగ్గర, చెట్టునీడన పంజరం తలుపు తెరిస్తే చిలక నడిచి వచ్చి వరుసలోనుండి ఒక ముక్క ముక్కుతో లాగేది. దానిలో దేవుడి బొమ్మ. జోస్యుడు దానిని విప్పి చెప్పేవాడు. మన దేశపు చిలకలను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం కనుక ఆ వృత్తి అంతరిస్తున్నది. అయితే టారో నేర్చుకొనే మన పిల్లలకు ‘ఇది మనకు తెలియని వింత’ అనే భ్రమ ఉండనక్కరలేదు. మన తాతలు చిలక తీసిన ముక్కకు అణా ఇచ్చినవారే.

పేక ప్రయాణం

మరి ఆటముక్కలకూ జోస్యానికీ ముడి ఎక్కడ పడినది? అది తెలియాలంటే పేక వెంట కొంత దూరం పోవాలి. పేక మొదట చైనాలో పుట్టినదని పండితుల అభిప్రాయం. అక్కడినుండి పడమటికి సాగి ఈజిప్టు మమ్లూకు సుల్తానుల కాలానికి నాలుగు రంగుల 52 ముక్కల కట్ట అయినది. చేతితో చిత్రించిన అటువంటి కట్ట ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ నాలుగు రంగులు కత్తులు, గిన్నెలు, నాణేలు, పోలో ఆట కఱ్ఱలు. 1370 తరువాతి సంవత్సరాలలో ఈ పేక ఐరోపాలో అడుగుపెట్టినది. ఇటలీవారు రంగులను అట్లే ఉంచుకొన్నారు.

ఇటలీ ధనికులు ఈ 56 ముక్కలకు 22 బొమ్మముక్కలు చేర్చి ఒక కొత్త ఆట కల్పించారు. 1440లో ఫ్లారెన్సు నగరంలో దీని ప్రస్తావన కనబడుతుంది. మిలాను ప్రభువులైన విస్కోంటి, స్ఫోర్జా వంశాలవారు బంగారు రేకు అద్దిన కట్టలు చేయించుకొన్నారు. ఆ బొమ్మముక్కలు మిగిలిన నాలుగు రంగులను కొట్టేవి. అందుకని వాటిని ‘ట్రయన్‌ఫీ’, అనగా విజయాలు అన్నారు. ఇంగ్లీషువారి ట్రంపు అనే మాట దానినుండి వచ్చినదే. మనం పేకాటలో ‘తురుపు’ అని ముక్క కొడతామే, అదీ ఆ కుటుంబపు మాటే. ఇటలీ భాషలో స్పాదే అంటే కత్తులు. ఇంగ్లీషువారి స్పేడు, మన ఇస్పేటు ఆ కత్తి సంతానమే. మూడాకుల రంగును డచ్చివారు క్లావర్ అంటారు. మచిలీపట్నం రేవులో చిరకాలం వ్యాపారం చేసిన డచ్చివారి ఆ మాటకూ మన కళావరుకూ పోలిక వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి టారో చేతపట్టిన తెలుగువాడు పరాయి వస్తువును పట్టుకొన్నట్లు కాదు, తన పేకకు పెద్దన్నను పట్టుకొన్నట్లు.

మన దేశంలో పేకకు ఇంకొక శాఖ ఉండేది. దానిని గంజీఫా అనేవారు. 1527లో బాబరు సింధులోని షాహసనుకు గంజీఫా పంపినట్లు తన జ్ఞాపకాలలో వ్రాసుకొన్నాడు. అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజలు వర్ణించిన కట్టలో 12 రంగులు. అశ్వపతి, గజపతి, నరపతి అనేవి వాటిలో మొదటివి. ఈ మూడు బిరుదులు మన చరిత్రలో ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. తరువాత దశావతారాల పేక వచ్చినది. అవతారానికి 12 చొప్పున 120 గుండ్రని ముక్కలు. పగలు ఆడితే రాముడి ముక్క గలవాడు, రాత్రి ఆడితే కృష్ణుడి ముక్క గలవాడు ఆట మొదలుపెట్టాలని కొన్నిచోట్ల నియమం. నిర్మల్ నకాషీ పనివారు, నేటి నంద్యాల జిల్లాలోని నొస్సం పనివారు గంజీఫాలు చేసేవారు. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 360 ముక్కల కట్ట వరకు కొత్త ఆటలెన్నో కల్పించి ‘శ్రీతత్త్వనిధి’లో చేర్పించాడు. అచ్చు పేకలు చౌకగా వచ్చిపడిన తరువాత ఈ చేతిపని వెనుకబడినది.

ముక్క ముక్కకూ దేవుడి బొమ్మ ఉన్నా, మనవారికి ఈ గంజీఫా ప్రధానంగా ఆటవస్తువే. ఇటలీవారికి టారో కూడ అంతే. దాదాపు మూడున్నర శతాబ్దాలు అది ఆటగానే ఉన్నది. నేటికీ ఫ్రాన్సులో టారో అంటే జనానికి నలుగురు కూర్చుని ఆడే ఆటే గుర్తుకు వస్తుంది.

ఆట జోస్యమైన కథ

1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు తన పెద్ద గ్రంథంలో ఒక సంపుటంలో టారోను గురించి వ్రాశాడు. ఈ బొమ్మలు ప్రాచీన ఈజిప్టు పూజారులు దాచిన జ్ఞానమని ఆయన ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదువగలవాడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. షాంపోలియన్ దానిని ఛేదించినది 1822లో. ఛేదించిన తరువాత చదివిన వ్రాతలలో ఎక్కడా టారో లేదు. విశేషమేమంటే ఆ పేకకు ఈజిప్టుతో చుట్టరికం కొంత ఉన్నమాట నిజమే. అయితే అది మమ్లూకు సుల్తానుల ఈజిప్టు, పిరమిడ్ల ఈజిప్టు కాదు. వచ్చినవి నాలుగు రంగులు, 22 బొమ్మలు కావు.

జెబ్లాన్ మాట పట్టుకొని పారిసులో అచ్చు బొమ్మలు అమ్ముకొనే ఆల్యెత్ అనే ఆయన 1785లో టారోతో జోస్యం చెప్పే విధానాన్ని పుస్తకంగా వేశాడు. తన పేరును వెనుకనుండి చదివి ‘ఎతెయా’ అని పెట్టుకొన్నాడు. ముక్కకు ఒక అర్థం, తలక్రిందులైతే ఇంకొక అర్థం అని పట్టిక కట్టినది ఆయనే. 1850 తరువాత ఎలిఫాస్ లేవి అనే మరొక ఫ్రెంచివాడు 22 బొమ్మలను 22 హీబ్రూ అక్షరాలకు జత చేశాడు. లెక్క కుదిరింది గనుక రహస్యం ఉన్నదన్నాడు. ఆ విధంగా చూస్తే మన పెద్దబాలశిక్షలో అక్షరాలు 56, టారోలో రంగు ముక్కలు 56. టారో మన తెలుగు ఓనమాలలోనుండి పుట్టినదని రేపు మనవాడెవడైనా పుస్తకం వేస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అంకెలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

నేడు మన పిల్లలు కొనే కట్ట సాధారణంగా 1909లో లండనులో వెలువడినదానికి నకలు. ఏ.ఇ. వెయిట్ అనే ఆయన యోచన చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి మొత్తం బొమ్మలు వ్రాసినది. రైడర్ సంస్థ ప్రచురించినది. అంతవరకు సాధారణంగా రంగు ముక్కలలో అయిదు కత్తులంటే అయిదు కత్తులే ఉండేవి. ఆమె ప్రతి ముక్కకూ మనుష్యులతో కూడిన ఒక దృశ్యం వ్రాసినది. గురువు లేకుండా నేర్చుకొనడం ఈనాడు సాధ్యమైనదంటే అది ఆమె చలవే. ఎందుకంటే పట్టిక వల్లెవేయకపోయినా బొమ్మ చూస్తే ఏదో ఒకటి తోస్తుంది. ఇంత పనికి తనకు ముట్టినది స్వల్పమని ఆమె ఆ ఏడే ఒక ఉత్తరంలో వ్రాసుకొన్నది. చాలాకాలం ఆ కట్ట ప్రచురణకర్త పేరుతో, వెయిట్ పేరుతో చెలామణీ అయినదే గాని ఆమె పేరు ఎవరూ తలవలేదు. 1951లో ఇంగ్లండులోని బ్యూడ్ ఊరిలో అప్పులతో కన్నుమూసినది. లక్షల మందికి భవిష్యత్తు చెప్పిన ఆ బొమ్మలు వ్రాసిన చేతికి కలిగినది ఇంతే.

1980లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు మైకేల్ డమ్మెట్ టారో ఆట చరిత్రనంతా తవ్వి పెద్ద గ్రంథం వ్రాసిన తరువాత, ఇది ముందు ఆట, తరువాత జోస్యం అనే విషయంలో చరిత్రకారులకు సందేహం లేదు.

స్వయంగా నేర్చుకొనే విధానం

ఇంత చరిత్ర చెప్పి, ‘కాబట్టి టారో మానండి’ అనడం నా ఉద్దేశం కాదు. అర్థాలు మనుష్యులు పెట్టినవే. అయితే ఏమి? మాటలకు అర్థాలు కూడ మనుష్యులు పెట్టినవే. టారోను ఒక భాష నేర్చుకొన్నట్లు నేర్చుకోవచ్చును. రోజంతా చిట్టాలు వ్రాసే గుమాస్తాను గనుక నాకు తోచిన క్రమం ఇది.

మొదట, కట్టా పుస్తకమూ ఒకే సంప్రదాయానివి కావాలి. పాత ఫ్రెంచి కట్టలో 8వ బొమ్మ న్యాయం, 11వ బొమ్మ బలం. వెయిట్ ఈ రెండింటినీ తారుమారు చేశాడు. కట్ట ఒకరిది, పుస్తకం ఇంకొకరిది అయితే అంకెనుబట్టి చదివేవాడు న్యాయం దగ్గర బలాన్ని చదువుతాడు.

రెండవది, రోజుకు ఒక ముక్క. 78 రోజులు పడుతుంది. ఉగాదినాడు మొదలుపెడితే ఆషాఢం లోపల అయిపోతుంది. ముందు పుస్తకం తెరవకుండా బొమ్మ చూడాలి. ఎవరున్నారు, ఏమి చేస్తున్నారు, వెనుక ఏమున్నది అని మూడు వాక్యాలు వ్రాసుకోవాలి. తరువాత పుస్తకంలోని అర్థం చూడాలి. గిన్నెలు మమతలకు, కత్తులు తగవులకు, ఆలోచనలకు, నాణేలు సొమ్ముకు, ఇంటికి, కఱ్ఱలు పనికి, పూనికకు అని నాలుగు రంగుల భావం పట్టుబడితే 56 ముక్కలు బరువనిపించవు.

ఉదాహరణకు కత్తుల ఆరు. ఒక పడవవాడు గడ వేస్తున్నాడు. పడవలో ముసుగు వేసుకొన్న స్త్రీ, ప్రక్కన బిడ్డ, ముందు ఆరు కత్తులు గ్రుచ్చి ఉన్నవి. కష్టం విడిచి అవతలి ఒడ్డుకు పోవడమని పుస్తకం చెబుతుంది. తుంగభద్ర ఎడమకాలువ క్రింది భూములకోసం కోస్తానుండి పిల్లలతో తరలివచ్చిన క్యాంపు కుటుంబాలలో ముసలమ్మకు ఈ బొమ్మ చూపండి. ఆమె పుస్తకం అక్కరలేకుండానే చదువుతుంది. కత్తులు పడవలోనే ఉన్నాయని, కష్టం కొంత వెంట వస్తుందని కూడ ఆమే చెబుతుంది. ముక్క భవిష్యత్తును ఎరుగదు. చూసేవారు తమ బ్రతుకును ఎరుగుదురు. ఆ ఎరుకను బయటికి రప్పించడమే ఈ పేక చేయగల మేలు.

మూడవది, తరచు ఉపయోగించే పద్ధతి మూడు ముక్కలది. గడచినది, ఉన్నది, రానున్నది అని వరుసగా పరుస్తారు. 78 ముక్కలలో మూడింటిని వరుసక్రమంతో తీయడానికి 4,56,456 విధాలున్నవి. ఇన్ని విధాలకు అర్థాలు కంఠస్థం చేయడం ఎవరి తరమూ కాదు. చదివేవాడు అప్పటికప్పుడు కూర్చుకోవలసినదే. కాబట్టి చదివినదానికి బాధ్యత చదివినవాడిదే గాని ముక్కది కాదు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, చిట్టా. ఒక నోటుబుక్కులో అయిదు గళ్ళు గీయండి. తేదీ, ప్రశ్న, వచ్చిన ముక్కలు, నేను చెప్పినది, తరువాత జరిగినది. నాలుగవ గడి ఆనాడే నింపాలి, తరువాత దిద్దకూడదు. ఆరు నెలల తరువాత కూడిక వేయండి. సరిపోయినవి జ్ఞాపకం ఉండి, సరిపోనివి మరచిపోవడం మన మనసు స్వభావం. చిట్టాకు ఆ స్వభావం లేదు.

‘ఎంత బాగా సరిపోయినదో!’ అన్న మెప్పును కూడ జాగ్రత్తగా తూచాలి. 1948లో ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన 39 మంది విద్యార్థులకు ఎవరి స్వభావ వర్ణన వారికని కాగితాలు పంచాడు. ఎంత సరిగా ఉన్నదో 5 మార్కులకు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చినది. నిజానికి అందరికీ ఇచ్చినది ఒకే వర్ణన. జోస్యం పుస్తకంలోనుండి ఏరి కూర్చినది. ‘మీరు పైకి ధైర్యంగా ఉన్నా లోపల బెంగ ఉన్నది’ అంటే కాదనే మనిషి ఎవడు?

మృత్యువు ముక్క

ఇక ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పిన సంగతి. మన జిల్లాలోనే ఒక తెలుగు ఇంట పిల్లకు సంబంధం కుదిరింది. జాతకాలు కలిశాయి, లగ్నపత్రిక వ్రాసుకొనడమే తరువాయి. ఇంతలో పిల్ల మేనత్త ఫోనులో టారో చదివే ఒకరిని అడిగినది. మూడు ముక్కలు తీస్తే చివరిది మృత్యువు. ఇంటిలో కీడు జరుగుతుందని, శాంతికి కొన్ని వేల రూపాయలు కావాలని అవతలివారు చెప్పారు. సొమ్ము పంపారు. భయం పోలేదు. ముహూర్తం వాయిదా వేశారు. పెళ్ళికొడుకువారు విసిగి వేరే సంబంధం చూసుకొన్నారు. ఆ పిల్ల చేసిన తప్పేమిటి?

లెక్క చూడండి. 78 ముక్కలలో మూడు తీస్తే వాటిలో మృత్యువు ఉండే అవకాశం 26కు 1. రోజుకు ఒక్కరికే చెప్పేవాడికి కూడ సగటున నెలకొకసారి ఆ ముక్క వస్తుంది. రోజుకు ఇరవైమందికి చెప్పేవాడికి సగటున నాలుగు రోజులకు మూడుసార్లు వస్తుంది. వచ్చినచోటల్లా ఒక ఇంట కీడు జరిగితే ఊళ్ళు ఈపాటికి ఖాళీ అయ్యేవి.

చరిత్ర చూడండి. ఆ ముక్క ఇటలీ ఆటలోనే 13వ తురుపు. 1348 మహామారి ఇటలీలో ఇంటింటినీ తాకి పోయిన తరువాతి శతాబ్దపు బొమ్మ అది. దానికింద రాజూ పేదా ఒకటే అని వారి భావం. దానిని తీసినవాడు చావలేదు. పట్టు గెలిచాడు.

బొమ్మ చూడండి. పమేలా వ్రాసిన ముక్కలో కవచం తొడిగిన అస్థిపంజరం తెల్లగుఱ్ఱంపై జెండా పట్టుకొని వస్తున్నది. రాజు నేలకు ఒరిగి ఉన్నాడు. మతాచార్యుడు చేతులెత్తి నిలిచాడు. ఒక పసివాడు మాత్రం భయం లేకుండా దానివంక చూస్తున్నాడు. దూరాన రెండు బురుజుల నడుమ సూర్యుడు. ఒక దశ ముగిసి ఇంకొకటి మొదలుకావడమని ఈ సంప్రదాయపు పుస్తకాలే చెబుతాయి. పెళ్ళి కుదిరిన పిల్లకు కన్నవారింటి దశ ముగిసి అత్తవారింటి దశ మొదలుకావడంకన్న ఈ ముక్కకు తగిన అర్థం ఏమున్నది? లెక్క, చరిత్ర, బొమ్మ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినవారు ఆ ఇంట ఉన్నా ఆ సంబంధం నిలిచేది.

అందుకే నేర్చుకొనేవారికి నా విన్నపం. చావును గురించి, రోగాన్ని గురించి, ఇంకొకరి గుట్టును గురించి ముక్కలు తీయకండి. జబ్బుకు వైద్యుడున్నాడు, అప్పుకు బ్యాంకు, సహకార సంఘం ఉన్నవి, తగవుకు పెద్దలున్నారు. భయపెట్టి సొమ్ము తీసికొనకండి. ఎదుటివారు ఏడుపుముఖంతో వచ్చినప్పుడు పేక ప్రక్కన పెట్టి ముందు వారి మాట వినండి. సగం ప్రశ్నలకు సమాధానం అందులోనే దొరుకుతుంది. పెద్దలు కూడ పిల్లల చేతిలో టారో చూసి పేక లాక్కొని పొయ్యిలో వేయనక్కరలేదు. ‘ఈ బొమ్మ ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు?’ అని అడగండి. చెప్పగలిగితే వారు నేర్చుకొంటున్నట్లు. చెప్పలేకపోతే నేర్చుకొనవలసినది ఇంకా ఉన్నట్లు.

కృష్ణరాయలు శనివారం వరకు ఆగినందుకు ఎవరూ ఆయనను తప్పుపట్టలేదు. ముందు దళం చెదిరినప్పుడు ఆయన తిరిగి ముహూర్తం అడగలేదు. మంచిరోజు చూసుకొనడం మన ఆచారం, చెడ్డరోజున నిలబడడం మన పని. ఈ ఉగాదికి మన సంఘంలోని ప్రతి ఇంటా ఆదాయం హెచ్చి, వ్యయం తగ్గి, పంటలు పండి, పిల్లల పెళ్ళిళ్ళు నిర్విఘ్నంగా జరుగుగాక.